పాత సామాన్లతో మిక్స్‌డ్ మీడియా బొమ్మ: అట్ట వంకరపోకుండా, అతికించింది ఊడకుండా

మీరు అడిగింది మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కల్లో మళ్లీ చెబుతానండి. మీరుండేది గుంటూరు. కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె విప్పదీసి, దాని మీద అమ్మగారి పాత పట్టుచీర ముక్కలు, పగిలిన మట్టిగాజులు, పాల ప్యాకెట్లు, మిర్చి టిక్కీ (మిరపకాయలు నింపే బస్తా) తాలూకు గోనెపట్టా అన్నీ అతికించి గోడకి పెట్టే బొమ్మ చేశారు. నెల తిరక్కుండా అట్ట అప్పడంలా లేచింది, గాజుముక్కలు ఒక్కొక్కటే రాలాయి, కింది మూల బూజు పట్టింది. రెండోసారి ఇంకాస్త ఎక్కువ ఫెవికాల్ పోసి చేస్తే మరీ ఘోరంగా తయారైంది. ఇంట్లోవాళ్లు "ఆ చెత్తంతా ఎందుకు" అంటున్నారు. మంచి కాన్వాసు, ఖరీదైన సామాన్లు కొనుక్కోవాలా, లేకపోతే మానేయాలా అన్నది ప్రశ్న.

కొనక్కర్లేదు, మానక్కర్లేదు. అడుగు అట్ట మార్చండి, ముందు వైపు ఎంత పూత వేస్తే వెనక వైపూ అంత వేయండి, గాజుకీ ప్లాస్టిక్‌కీ ఫెవికాల్ వాడకండి. ఈ మూడూ చేస్తే మీ దగ్గరున్న ఆ సామాన్లతోనే బొమ్మ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎందుకో, ఎలాగో కింద వివరంగా రాస్తున్నా. కాస్త పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదవండి.

నాది విజయవాడ గవర్నర్‌పేటలో ఫ్రేములు కట్టే కొట్టు, ఇరవై ఏళ్లు దాటింది. రాత్రి కొట్టు కట్టేశాక మిగిలిపోయిన బీడింగ్ (ఫ్రేము చుట్టూ కట్టే పట్టీ) ముక్కలు, అట్టలు, గుడ్డపీలికలు పెట్టుకుని నా బొమ్మలు నేను చేసుకుంటా. ఎవరైనా ఇలాంటి బొమ్మ ఫ్రేముకి తెస్తే నేను ముందు వెనక్కి తిప్పి చూస్తా. ఎన్నాళ్లు ఉంటుందో వెనక వైపే చెప్పేస్తుంది.

ముందు వంకర సంగతి. అట్ట అంటే కాగితమే కదా, ఒక వైపు తడి జిగురు పూస్తే ఆ వైపు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ఆ జిగురు ముడుచుకుంటూ అట్టని తన వైపుకి లాగేస్తుంది. వెనక నుంచి లాగేది ఏమీ లేదు కాబట్టి అట్ట వంగుతుంది. మీరు రెండోసారి జిగురు పెంచారు, అంటే లాగే బలాన్నే పెంచారన్నమాట. అందుకే ముందు వైపు ఏం అతికించినా వెనక కూడా ఒక కాగితం అతికించాలి, అదే జిగురుతో, అదే పూట. పాత క్యాలెండరు కాగితం చాలు. రెండు వైపులా సమానంగా లాగితే అట్ట మధ్యలో బిగుసుకుని నిలబడుతుంది. ఆ తర్వాత రెండు చెక్కల మధ్య పెట్టి, పైన బియ్యం డబ్బానో, రుబ్బురోలు పొత్రమో పెట్టి కనీసం ఒక రాత్రి వదిలేయండి. వర్షాకాలమైతే రెండు రాత్రులు.

అట్టపెట్టె అట్టే వాడాలనుకుంటే ఒక్క పొర మీద చేయొద్దు. విరిచి చూడండి, లోపల మడతలు ఒకే దిక్కుగా పోతుంటాయి, ఆ దిక్కున అట్ట గమ్మున వంగుతుంది. మూడు ముక్కలు ఒకే కొలతకి కోసి, మొదటిది నిలువు మడతలు, రెండోది అడ్డం, మూడోది మళ్లీ నిలువు వచ్చేలా పేర్చి అతికిస్తే అదే చెక్కంత గట్టిగా ఉంటుంది. ప్లైవుడ్ లోపల పొరలు పేర్చేదీ ఇలాగే.

నన్నడిగితే మాత్రం అంతకన్నా మంచి అడుగు మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది. పిల్లల పాత పరీక్ష అట్టలు. క్లిప్పు రివెట్లు స్క్రూడ్రైవర్‌తో లేపేసి, నున్నటి వైపు ఎమరీ పేపరుతో గరుకు చేస్తే చిన్న బొమ్మకి అంత చక్కటి అడుగు ఇంకోటి లేదు. పెద్ద బొమ్మకైతే మూలపడిన క్యారమ్ బోర్డు. పాత ఫోటో ఫ్రేముల వెనక ఉండే హార్డ్‌బోర్డు కూడా బావుంటుంది. ఏమీ దొరక్కపోతే పక్క వీధిలో వడ్రంగి పని జరుగుతుంటే వెళ్లి అడగండి, ప్లైవుడ్ ముక్కలు ఊరికే ఇచ్చేస్తారు. అడుగు ఏదైనా సరే, నాలుగు అంచులకీ పూత వేయడం మర్చిపోవద్దు, చెమ్మ ముందు దూరేది అంచుల్లోంచే.

ఇక జిగురు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతా.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నీళ్లుంటాయి. ఆ నీళ్లు ఆవిరైపోతేనో, పక్కన ఉన్న కాగితం, గుడ్డ, చెక్క పీల్చేస్తేనో అది గట్టిపడుతుంది. గాజు నీళ్లు పీల్చదు. పైగా మట్టిగాజు ముక్క గుండ్రంగా ఉంటుంది, అట్టకి తగిలేది సన్నటి గీతంత మేరే. పైన పొర కట్టేసి ఆరినట్టే కనపడుతుంది, అడుగున మాత్రం పట్టు ఉండదు. నాలుగు రోజులయ్యాక గోడ పక్కన ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే టక్కున రాలుతుంది. గాజు, పింగాణీ, రేకు, పాత తాళంచెవులు, మరలు, వీటన్నిటికీ రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడండి. లేదా ఎం-సీల్ లాంటి ముద్ద. ముద్ద అయితే ఇంకా మేలు, సన్నటి తాడులా చేసి పరిచి గాజుముక్కని సగం దాకా అందులోకి నొక్కితే ముద్దే దాన్ని రెండు పక్కలా పట్టుకుంటుంది. చేతులకి గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తీసిపెట్టండి. గాజులు పగలగొట్టేటప్పుడు పాత తువ్వాల్లో చుట్టి కొట్టండి, కళ్లజోడు లేకుండా ఆ పని అస్సలు చేయొద్దు.

ఫెవిక్విక్ లాంటి క్షణాల్లో అంటుకునే జిగురుతో మొత్తం బొమ్మ చేసేవాళ్లున్నారు. అది గట్టిదే కానీ పెళుసు, అదురు తగిలితే విరిగిపోతుంది, చుట్టూ తెల్లటి మచ్చ కూడా కడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, నూలుగుడ్డ మీద దాన్ని ఎక్కువగా పోస్తే ఒక్కసారిగా వేడెక్కి పొగ కూడా వస్తుంది, వేళ్లు కాలతాయి. పిల్లలతో చేసేటప్పుడు ఆ ట్యూబు గదిలోనే ఉంచొద్దు. అలాగే చెప్పులు అతికించే పసుపుపచ్చ రబ్బరు జిగురు థర్మాకోల్ మీద వేస్తే థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది.

పాల ప్యాకెట్లకి ఏ జిగురూ పట్టదు. అది పాలిథీన్, దాని తీరే అంత. నేను ఎన్ని రకాలు పూసి చూశానో లెక్కలేదు, గోరుతో గీకితే అన్నీ ఊడొచ్చాయి. కుట్టండి. ప్యాకెట్లని సన్నటి పీలికలుగా కోసి, గోనెపట్టాలోకి దబ్బనంతో నేసినట్టు ఎక్కించండి. జిగురు అక్కర్లేదు, పైగా నీలం, ఎరుపు అక్షరాల ముక్కలు గోనె సందుల్లోంచి తొంగి చూస్తుంటే చాలా అందంగా ఉంటుంది.

గోనె అన్నారు కాబట్టి చెబుతున్నా, మిర్చి యార్డు నుంచి వచ్చిన టిక్కీ సంచి అయితే జాగ్రత్త. ఒకసారి గుంటూరులో ఉండే మా బావగారు నాలుగు ఖాళీ సంచులు పంపిస్తే, ఎండలో దులిపేస్తే సరిపోతుందనుకుని దులిపా. కొట్టు ముందు నిలబడ్డవాళ్లంతా దగ్గుతూ పరుగు. ఆ సాయంత్రం చేతులు ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా మంట తగ్గలేదు, ఎందుకంటే మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకి ముందు కొబ్బరినూనె రాసి ఆ తర్వాత సబ్బుతో కడిగితే అప్పుడు తగ్గింది. సంచిని కూడా పొడిగా దులపకుండా, సర్ఫు నీళ్లలో రాత్రంతా నానబెట్టి రెండుసార్లు ఉతికి, నిప్పులాంటి ఎండలో పూర్తిగా ఎండబెట్టాకే వాడండి. అంచులు పీచులు పీచులుగా రాలకుండా ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్లు కలిపి పట్టించి ఆరనిస్తే కత్తెరకి శుభ్రంగా తెగుతుంది.

పట్టుచీర ముక్కల విషయంలో మీరు తొందరపడొద్దు. అమ్మగారి చీర అన్నారు కదా, అది మళ్లీ దొరకదు. ముందు ఒక మూల చిన్న దారం అంత చోట తెల్లటి తడిగుడ్డ పెట్టి నొక్కి చూడండి. రంగు దిగిందంటే ఆ ముక్కకి నీళ్ల జిగురు వద్దు, అడుగున పల్చటి నూలుగుడ్డ వేసి కుట్టి, ఆ నూలుగుడ్డ అంచుల్ని వెనక్కి మడిచి అట్టకి అతికించండి. జరీ మీద జిగురు పడనివ్వకండి, మసకబారితే మళ్లీ మెరుపు తేవడం కష్టం. నా పద్ధతేంటంటే పట్టు, జరీ ఉన్న ముక్క బొమ్మలో ఒక్కటే ఒక్కటి ఉండాలి, అరచేతిలో సగమంత. చుట్టూ అంతా గోనె, కాగితం లాంటి మట్టిరంగులే ఉంటే కన్ను నేరుగా దాని మీదికే పోతుంది. చీరంతా కోసి పరిస్తే చీర కనపడుతుంది తప్ప బొమ్మ కనపడదు.

ఈ మాటే ఇంకాస్త సాగదీస్తా. ఒక బొమ్మకి మూడు రకాల సామాన్లు చాలు. మొదటి బొమ్మలో ఇంట్లో ఉన్నవన్నీ పెట్టేయాలనిపిస్తుంది, గుండీలు, మాత్రల రేకులు, సీసా మూతలు, గుడ్డుపెంకులు, పాత శుభలేఖల మీది వినాయకుళ్లు. అప్పుడది పాత సామాన్ల కొట్టు ఫోటోలా ఉంటుంది. ఒకటి మెత్తటిది, ఒకటి గరుకుది, ఒకటి మెరిసేది తీసుకుని మిగతావి డబ్బాలో దాచండి. ఇప్పటికే ఎక్కువైపోయాయి అనుకుంటే, పట్టుముక్క తప్ప మిగతా అంతా తెల్లటి పూత వేసేయండి, రంగులన్నీ పోయి ఎత్తుపల్లాలే మిగులుతాయి, అప్పుడు దాని మీద మళ్లీ రంగు మొదలుపెట్టొచ్చు. ఆ పూత బయట జెస్సో అని అమ్ముతారు. నేను ఇంట్లోనే కలుపుతా: మెత్తగా జల్లించిన సుద్ద పొడి మూడు చెంచాలు, గోడలకేసే తెల్ల ఎమల్షన్ రెండు చెంచాలు, ఫెవికాల్ ఒక చెంచా, దోసెల పిండి జారుడు వచ్చేదాకా నీళ్లు. పల్చగా రెండు మూడు సార్లు వేయాలి, ఒకేసారి మందంగా వేస్తే నెర్రెలు విచ్చుతుంది. గోడలకి పెట్టే సిమెంటు లప్పం వాడొద్దు, అట్ట కాస్త కదిలినా అది పెచ్చులూడుతుంది.

ఉబ్బెత్తుగా రావాలంటే మన పక్కనే మంచి విద్య ఉంది. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు కదా, ఆ ముక్కల్ని అతకడానికి, ముక్కూ చేతులూ తీర్చడానికి వాళ్లు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి వాడతారు, దాన్ని మక్కు అంటారు. దాని మీద సున్నం పూత, ఆ పైన రంగు. అడుగు, ముద్ద, తెల్లపూత, రంగు అనే ఆ వరసే మన బొమ్మకీ సరిగ్గా సరిపోతుంది. చింతగింజలు దోరగా వేయించి దంచితే పొట్టు ఊడిపోతుంది. పప్పుని రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే గంజిలా చిక్కబడుతుంది. చల్లారాక జల్లించిన రంపపు పొట్టు చపాతీ పిండిలా అయ్యేదాకా కలపండి. పావు అంగుళం కన్నా మందంగా ఒకేసారి పెట్టొద్దు, ఆరాక ఇంకో పొర పెట్టుకోవచ్చు.

ఇలాంటి తిండిగింజల జిగురుతో వచ్చే చిక్కు ఒకటే, బొద్దింకలకి, చెదలకి అది విందు. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేది అందుకే. అది విషం, పిల్లలున్న ఇంట్లో, వంట గిన్నెలో ఆ పని పెట్టుకోవద్దు. నేను నాలుగు చుక్కల లవంగనూనె వేసి, ఆరాక వార్నిష్‌తో పూర్తిగా మూసేస్తా, ఇప్పటిదాకా నాకు పురుగు పట్టలేదు.

ఇంట్లోవాళ్ల మాటకి మీరు బాధపడినట్టున్నారు. మా అమ్మమ్మ పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, చేటలకీ వెదురుబుట్టలకీ అలికేది. చిల్లులు పడ్డ చేట మళ్లీ కొత్తదయ్యేది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే అడగండి, వాళ్లూ అలికే ఉంటారు. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు 1957 నుంచి ఎవరికీ తెలియకుండా అడవి పక్కన పగిలిన గాజులు, పింగాణీ పెంకులతో బొమ్మలు చేసుకుంటూ పోయాడు, 1976లో అదే రాక్ గార్డెన్‌గా జనానికి తెరిచారు. పికాసో 1912లో ఒక బొమ్మ మీద కుర్చీ అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్ అతికించి, ఫ్రేము బదులు చుట్టూ తాడు పెట్టాడు. ఫ్రేములు కట్టేవాణ్ణి కదా, ఆ తాడు గురించి తెలిసినప్పటి నుంచి బీడింగే ఉండాలనే పట్టు నాకు పోయింది.

పూతల గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కళ్లారా చూశాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ల ఇల్లు మునిగింది, కింది వాటా. హాల్లో నేను చేసిచ్చిన బొమ్మలు మూడుండేవి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే అట్టపెట్టె మీద చేసింది గోడకి అంటుకున్న ముద్ద, మేకు మాత్రమే మిగిలింది. పరీక్ష అట్ట మీద చేసింది అంచులు ఉబ్బి పొరలు విచ్చుకుంది, అందులో ఫెవికాల్ మళ్లీ పాలలా తెల్లగా మెత్తబడి, అతికించిన గుడ్డ వేలితో లాగితే వచ్చేసింది. మూడోది క్యారమ్ బోర్డు మీద చేసింది. దానికి వెనకా ముందూ, అంచులకీ రెండేసి పూతల వార్నిష్ వేసి ఉంచా, గాజులన్నీ ఎపాక్సీతో పెట్టినవి. ఒక మూల ప్లైవుడ్ పొర కొంచెం లేచింది, అంతే. గాజు ఒక్కటి రాలలేదు. బొమ్మ మధ్యలో అడ్డంగా నీళ్లు నిలిచిన చోట బురద గీత పడింది. నేను కడగబోతే అక్క వద్దంది, అలాగే ఉంచమంది. ఆ గీత మీదే ఇంకో పూత వార్నిష్ వేసి మళ్లీ అదే మేకుకి పెట్టాం.

వరదలు రోజూ రావు కానీ చెమ్మ రోజూ ఉంటుంది, మన కృష్ణా గుంటూరు వైపు మరీను. మీ బొమ్మకి కింది మూల బూజు పట్టిందంటే అక్కడ గోడ చెమ్మగిల్లుతోందని అర్థం, లేదా బొమ్మ పూర్తిగా ఆరకముందే గోడకి ఆనించారు. పాత హవాయి చెప్పు రబ్బరు రెండు ముక్కలు కోసి, బొమ్మ వెనక కింది రెండు మూలలా అతికించండి, గోడకీ బొమ్మకీ మధ్య అర అంగుళం సందు ఉండి గాలి ఆడుతుంది. బాత్రూము గోడకి అవతలి పక్క ఎప్పుడూ పెట్టొద్దు. వార్నిష్ ముసురు పట్టిన రోజు వేస్తే పాలిపోయినట్టు తెల్లబడుతుంది, రోహిణి కార్తె ఎండలో వేస్తే కుంచె గీతలు అలాగే నిలిచిపోతాయి. సంక్రాంతికి ముందూ వెనకా నెల రోజులు ఈ పనికి మంచి కాలం.

చిన్న సంగతులు ఇంకో రెండు. న్యూస్‌పేపరు లోపలి పొరలకి వాడండి, పైకి కనపడేలా వద్దు, చవకరకం గుజ్జుతో చేసింది కాబట్టి ఏడాదిలో పసుపెక్కిపోతుంది. పసుపు నీళ్లతో రంగు వేస్తే ఎండ తగిలేచోట వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. ఎర్రబడటం మీకు నచ్చితే కావాలనే వాడుకోవచ్చు, వెలిసిపోవడాన్ని మాత్రం ఆపలేం.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ రెండో బొమ్మ పారేయకండి, దాని మీది పట్టుముక్కల్ని కాపాడొచ్చు. తెల్ల జిగురు తడికి మెత్తబడుతుందని పైన చెప్పాను కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. ముందు రంగు దిగుతుందో లేదో చూసుకుని, దిగకపోతే గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డని ముక్క మీద పది పదిహేను నిమిషాలు పరిచి ఉంచండి. లాగొద్దు, వెన్నరాసే కత్తి లాంటి మొద్దు అంచుతో అడుగు నుంచి నిదానంగా లేపండి. అట్ట పొర కూడా దాంతో పాటు వస్తే రానివ్వండి, దాన్ని తర్వాత నీళ్లలో తేలగొట్టి తీయొచ్చు. మొదలుపెట్టే ముందు బొమ్మ వెనక వైపు ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, జరీ ఉన్న ముక్క దగ్గరగా ఇంకోటి. చూసి, ఏ ముక్కతో మొదలుపెట్టాలో చెబుతాను.